మైనా బర్డ్స్ ఎందుకు ఆగిపోయింది? సరిహద్దు దగ్గర చిక్కుబడ్డ ఒక టొరంటో బ్యాండ్ కథ

నీల్ యంగ్, రిక్ జేమ్స్ ఒకప్పుడు ఒకే బ్యాండ్‌లో ఉన్నారన్న మాట పాప్ సంగీతం గురించి కబుర్లు సాగే చోట తరచూ వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లకు నమ్మబుద్ధి కాదు. నీల్ యంగ్ అంటే గిటారు, మౌతార్గాన్ పట్టుకుని ఫోక్, రాక్ పాటలు పాడే కెనడా మనిషి. రిక్ జేమ్స్ అంటే 1981లో ‘సూపర్ ఫ్రీక్’తో డ్యాన్స్ హాళ్లను ఊపేసిన అమెరికన్ నల్లజాతి ఫంక్ గాయకుడు. ఆ పాటలోని బేస్ వరసనే 1990లో ర్యాప్ గాయకుడు ఎంసీ హ్యామర్ తన పాటకు వాడుకున్నాడు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో మన దగ్గర ఎంతోమంది రిక్ జేమ్స్ పేరు తెలియకుండానే ఆ వరస విన్నారు.

ఇద్దరూ కలిసి వాయించిన మాట నిజమే. ఆ బ్యాండ్ పేరు మైనా బర్డ్స్, ఊరు టొరంటో. అయితే ఈ ఒక్క నిజం చుట్టూ చాలా తప్పులు పేరుకుపోయాయి. బ్యాండ్‌ను నీల్ యంగ్ పెట్టాడంటారు. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ చేర్చుకున్న మొదటి తెల్లవాళ్ల బృందం ఇదేనంటారు. మేనేజర్ డబ్బు కాజేయడంతో అంతా కూలిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇందులో మొదటి రెండూ తప్పు, మూడోది సగమే. నాకు అర్థమైనంతలో ఈ బ్యాండ్‌ను ముంచింది ఒక మనిషి కాదు, కెనడా, అమెరికాల మధ్య ఉన్న గీత. రికార్డు చేసే వసతి గీతకు ఒక పక్క ఉంది, గాయకుడికి రక్షణ ఇంకో పక్క ఉంది.

అసలు ఎన్ని మైనా బర్డ్స్?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. మైనా బర్డ్స్ అన్న పేరు కింద 1964 నుంచి 1967 దాకా వేర్వేరు మనుషులు వాయించారు. వీళ్లందరిలో మొదటి నుంచి చివరిదాకా కనిపించేది ఒక్క రిక్ జేమ్స్.

అతని అసలు పేరు జేమ్స్ ఆంబ్రోస్ జాన్సన్ జూనియర్. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టాడు. బఫెలో కెనడా సరిహద్దు మీదే ఉన్న ఊరు. అక్కడి నుంచి టొరంటోకి రెండు గంటల కారు ప్రయాణం. 1964లో అతను టొరంటో చేరేనాటికి వయసు పదహారు. ఎందుకు వచ్చాడన్నది తర్వాత చూద్దాం. అక్కడ రికీ జేమ్స్ మాథ్యూస్ అని పేరు మార్చుకుని, నిక్ సెయింట్ నికలస్ తదితరులతో ‘సెయిలర్ బాయ్స్’ అనే బృందం కట్టాడు.

ఆ పేరును మార్పించినవాడు కాలిన్ కెర్. టొరంటోలోని యార్క్‌విల్ పేటలో అతనికి ‘మైనా బర్డ్’ అనే కాఫీ హౌస్ ఉండేది. మనిషి మాటలు పలికే మైనా పిట్ట ఆ చోటుకు గుర్తు. కెర్ ప్రచారం తెలిసిన వ్యాపారి. కుర్రాళ్లకు మైనా రంగులు వేశాడు: నల్ల లెదర్ కోట్లు, లోపల మెడదాకా మూసే పసుపుపచ్చ చొక్కాలు. 1965లో కొలంబియా కంపెనీ కెనడా విభాగం వాళ్ల సింగిల్ (రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) ఒకటి తెచ్చింది. ‘మైనా బర్డ్ హాప్’ అనే ఆ పాట పాటకంటే ఎక్కువగా కాఫీ హౌస్ ప్రకటనే. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. బృందం కెర్‌ను వదిలేసింది, పేరును మాత్రం తనతో ఉంచుకుంది.

తర్వాత మనుషులు మారడం మొదలైంది. జాక్ లండన్ అండ్ ది స్పారోస్ అనే మరో టొరంటో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే బ్రూస్ పామర్ ఇటు వచ్చాడు, నిక్ సెయింట్ నికలస్ అటు వెళ్లాడు. కీబోర్డు వాయించే గోల్డీ మెక్‌జాన్ కూడా మైనా బర్డ్స్‌లో కొంతకాలం ఉండి స్పారోస్‌లో చేరాడు. ఈ స్పారోస్‌లో నుంచే కొన్నాళ్లకు స్టెపెన్‌వుల్ఫ్ పుట్టింది. 1968లో అమెరికా అంతా మోగిన హార్డ్ రాక్ బృందం అది. అంటే ఒక్క పైసా లాభం చూడని ఈ చిన్న బ్యాండ్ గుండా రెండు పెద్ద బ్యాండ్ల మనుషులు నడిచి వెళ్లారు. రెండోది బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్, దాని సంగతి తర్వాత వస్తుంది.

నీల్ యంగ్ వచ్చేది 1966 మొదట్లో. టొరంటోలో పుట్టి, విన్నిపెగ్‌లో స్క్వైర్స్ అనే బృందాన్ని నడిపి, మళ్లీ టొరంటో చేరి, ఫోక్ గాయకుడిగా ఒంటరిగా నెగ్గలేక అల్లాడుతున్న కాలం అది. యార్క్‌విల్ వీధిలో తలమీద యాంప్లిఫయర్ మోసుకుంటూ పోతుంటే బ్రూస్ పామర్ చూసి పలకరించాడట. మైనా బర్డ్స్‌లో అప్పుడే ఒక గిటారిస్టు ఖాళీ ఏర్పడింది. యంగ్ పన్నెండు తీగల గిటార్‌తో చేరాడు. పాడేది రికీ, బేస్ పామర్, ఇంకో గిటార్ జాన్ టేలర్, డ్రమ్స్ రిక్‌మన్ మేసన్. ‘నీల్ యంగ్, రిక్ జేమ్స్‌ల బ్యాండ్’ అని ఇప్పుడు చెప్పుకునేది ఈ బృందాన్నే. అది కలిసి ఉన్నది కొద్ది నెలలు మాత్రమే. అందులో యంగ్ కొత్తగా చేరిన గిటారిస్టు. ముందు నిలబడి నడిపించింది రికీ.

ఫోక్ పేట, ఆర్ అండ్ బీ వీధి

అప్పటి టొరంటోలో సంగీతం రెండు చోట్ల రెండు రకాలు. యార్క్‌విల్‌లో మద్యం అమ్మని కాఫీ హౌస్‌లు, చేతిలో గిటారుతో ఫోక్ గాయకులు. గోర్డన్ లైట్‌ఫుట్, జోనీ మిచెల్ ఆ పేటలో పాడి ఎదిగినవాళ్లే. అక్కడికి దగ్గర్లోనే యంగ్ స్ట్రీట్ (నీల్ యంగ్ పేరుతో దీనికి సంబంధం లేదు). ఆ వీధి బార్లలో అమెరికన్ నల్లజాతి రిథమ్ అండ్ బ్లూస్ (ఆర్ అండ్ బీ) సంగీతానిదే రాజ్యం. దానిని అచ్చంగా పట్టుకోవాలని కెనడా తెల్ల కుర్రాళ్లు పోటీపడేవారు.

మైనా బర్డ్స్ ఈ రెంటినీ కలిపింది. రికీకి రోలింగ్ స్టోన్స్ అంటే పిచ్చి. నల్లజాతి అమెరికన్ కుర్రాడు, నల్లవాళ్ల సంగీతం నేర్చుకున్న ఇంగ్లండ్ తెల్ల కుర్రాళ్ల పద్ధతిలో, కెనడా తెల్ల వాయిద్యగాళ్లను వెంటబెట్టుకుని పాడాడు. వాళ్ల వెనక యంగ్ పన్నెండు తీగల గిటార్ ఫోక్ ధోరణిలో గలగలమంటూ ఉండేది. ఈ కలయిక అంత తొందరగా జరిగిందంటే కారణం యార్క్‌విల్ చిన్న పేట కావడమే. ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో అందరికీ తెలిసేది.

బ్యాండ్‌కు మోర్లీ షెల్మన్ మేనేజరు అయ్యాడు. డబ్బు పెట్టింది జాన్ క్రెయిగ్ ఈటన్. కెనడా అంతా దుకాణాలున్న ఈటన్స్ కుటుంబం అతనిది. కొత్త వాయిద్యాలు, యాంప్లిఫయర్లు ఆ డబ్బుతో వచ్చాయి. ఈ సామాను సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

డెట్రాయిట్‌కి ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?

టొరంటోలో వాయించుకుని బతకొచ్చు. రికార్డుతో పైకి రావడం వేరే సంగతి. కెనడా రేడియో స్టేషన్లు అప్పుడు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ పాటలే వేసేవి. సొంత దేశపు పాటలకు కనీసం 30 శాతం చోటు ఇవ్వాలన్న నిబంధన ఏఎం రేడియోకు 1971లో గాని రాలేదు. అంతకుముందు కెనడా కళాకారుడు ‘గెలిచాడు’ అనిపించుకోవాలంటే అమెరికా వెళ్లి గెలిచి రావాల్సిందే. పాల్ ఆంకా నుంచి అందరిదీ అదే దారి.

మైనా బర్డ్స్‌కు దొరికింది మామూలు కంపెనీ కాదు. 1959లో బెర్రీ గోర్డీ కుటుంబం దగ్గర 800 డాలర్ల అప్పుతో డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన మోటౌన్ 1966 నాటికి అమెరికా హిట్ పాటల కార్ఖానా. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో ఒక మామూలు ఇంట్లో స్టూడియో. పాట రాసేవాళ్లు, వాయించేవాళ్లు, వెనక గొంతు కలిపేవాళ్లు అందరూ కంపెనీ మనుషులే. మైనా బర్డ్స్ పని చూసినవాళ్లలో ఆర్. డీన్ టేలర్ ఉన్నాడు. అతనూ టొరంటోవాడే.

నీల్ యంగ్ తర్వాత చెప్పిన జ్ఞాపకాల్లో నాకు బాగా నచ్చినది ఈ స్టూడియో గురించే. పాటలో ఒకచోట బలం చాలకపోతే మోటౌన్ గాయకులు ఇద్దరు ముగ్గురు గదిలోకి వచ్చి, పక్కన నిలబడి ఆ వరస అందుకునేవారట. అడిగి రప్పించుకోవాల్సిన పని లేదు. పాట నేర్చుకుని, పాడేసి, వెళ్లిపోవడమే. వాళ్లు గొంతు కలిపితే ఆ చోటు ఒక్కసారిగా మోటౌన్ పాటలా మోగేదట. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది ఎంత పెద్ద చదువో ఊహించుకోవచ్చు.

మోటౌన్‌లో ‘మొదటి తెల్లవాళ్ల బృందం’ అన్న మాట ఇక్కడే పుట్టింది. అది నిలవదు. 1961లోనే వలడియర్స్ అనే తెల్లవాళ్ల గాత్ర బృందం రికార్డు గోర్డీ లేబుళ్లలో ఒకటైన మిరకిల్ నుంచి వచ్చింది. డెబీ డీన్, క్రిస్ క్లార్క్ అనే తెల్ల గాయనులూ ఉన్నారు. మైనా బర్డ్స్ ప్రత్యేకత ఇంకోటి. తమ వాయిద్యాలు తామే వాయించుకునే, ఇరు జాతులవాళ్లు కలిసి ఉన్న రాక్ బ్యాండ్ మోటౌన్‌కు కొత్త సరుకు. రాక్ బ్యాండ్లను కంపెనీ గట్టిగా అమ్మింది 1969లో రేర్ ఎర్త్‌తో. ఆ దారిలో మైనా బర్డ్స్ మూడేళ్లు ముందు నడిచింది.

అడ్వాన్స్ అంటే ఏమిటి, అది ఎవరిది?

గొడవ డబ్బు దగ్గర మొదలైంది కాబట్టి ఈ మాట తేటగా తెలియాలి. రికార్డు కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ బహుమతి కాదు, జీతమూ కాదు. ముందు ముందు రాబోయే రాయల్టీ మీద ఇచ్చే బయానా. అమ్మకాల్లో బ్యాండ్ వాటా నుంచి కంపెనీ ముందు దాన్ని రాబట్టుకుంటుంది. చాలా ఒప్పందాల్లో స్టూడియో ఖర్చు కూడా బ్యాండ్ ఖాతాలోనే పడుతుంది.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి మైనా బర్డ్స్ ఒప్పందంలోవి కావు. అడ్వాన్స్ 10,000 డాలర్లు. ఒక్కో సింగిల్ అమ్మితే బ్యాండ్‌కు 4 సెంట్లు. అడ్వాన్స్ తీరాలంటే 2,50,000 కాపీలు అమ్మాలి. స్టూడియో ఖర్చు ఇంకో 5,000 కలిపితే 3,75,000 కాపీలు. అప్పటిదాకా బ్యాండ్ చేతికి కొత్తగా ఒక్క సెంటు రాదు. ఈ 10,000 మేనేజర్ చేతికి అంది, అతను దాన్ని పంచకపోతే? కుర్రాళ్లకు డబ్బు రాలేదు, కంపెనీ పుస్తకాల్లో మాత్రం బాకీ వాళ్ల పేరనే ఉంది.

బ్యాండ్‌వాళ్లు చెప్పిన ప్రకారం జరిగింది అదే. మోటౌన్ ఇచ్చిన అడ్వాన్స్‌ను షెల్మన్ తన సొంతానికి ఖర్చుపెట్టాడని, వాళ్లు నిలదీసి అతన్ని తీసేశారని, ఆ కోపంతో అతను రికీ రహస్యాన్ని మోటౌన్ చెవిన వేశాడని అన్నారు. ఈ కథనంలో మేనేజర్ వైపు వాదన మనకు వినపడదు. కాబట్టి ఇది బ్యాండ్ సభ్యుల మాటగానే తీసుకోవాలి.

ఆ రహస్యం: సెలవు లేకుండా గైరుహాజరు

రికీ కెనడా రావడానికి కారణం అమెరికా నౌకాదళం. పద్ధతి ఇలా ఉండేది. అప్పటి అమెరికాలో యువకులను బలవంతంగా సైన్యంలోకి తీసుకునే డ్రాఫ్ట్ అమల్లో ఉంది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు ముందే రిజర్వు దళంలో చేరేవారు. రిజర్వు అంటే పూర్తికాలపు కొలువు కాదు. నెలనెలా శిక్షణకు హాజరైతే చాలు. హాజరు కాకపోతే మాత్రం పూర్తికాలపు డ్యూటీకి రమ్మని ఆదేశం వస్తుంది. రికీ వయసు దాచి రిజర్వులో చేరాడు, పాటల గొడవలో పడి శిక్షణకు డుమ్మా కొట్టాడు. డ్యూటీ ఆదేశం రాగానే సరిహద్దు దాటేశాడు.

ఇలాంటి కేసుల్లో రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి. సెలవు లేకుండా గైరుహాజరు కావడం ఒక నేరం. అమెరికా సైనికులు దాన్ని ‘ఏవాల్’ అంటారు. సైన్యాన్ని శాశ్వతంగా విడిచిపోవాలన్న ఉద్దేశంతో పారిపోవడం అంతకంటే పెద్ద నేరం. ఎన్నాళ్లు దూరంగా ఉన్నాడన్నది ఒక్కటే కాదు, తిరిగి రాకూడదన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది అక్కడ ముఖ్యం. డ్రాఫ్ట్ పిలుపు రాకముందో, వచ్చాకో దేశం వదిలి వెళ్లిన పౌరుల సంగతి ఈ రెంటికీ వేరు. రికీని ‘డ్రాఫ్ట్ తప్పించుకున్నవాడు’ అని రాసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అతను అప్పటికే దళంలో సంతకం పెట్టిన మనిషి.

కెనడాలో ఉన్నంతకాలం అతన్ని పట్టుకునేవాళ్లు లేరు. కెనడా తలుపులు కూడా ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. సైన్యం వదిలి వచ్చినవాళ్లను ఆ కారణంగా తిప్పి పంపబోమని కెనడా ప్రభుత్వం ప్రకటించింది 1969లో. 1964లో వచ్చినవాడు పేరు మార్చుకుని తల దాచుకోవాల్సిందే. అలాంటివాడు రికార్డు కోసం డెట్రాయిట్‌లో అడుగుపెట్టాడు. టొరంటోలోనే మోటౌన్ లాంటి కంపెనీ ఉండి ఉంటే అతను సరిహద్దు దాటేవాడే కాదు.

విషయం తెలిశాక మోటౌన్ పెద్దలు రికీని వెళ్లి లొంగిపొమ్మన్నారు. ఆ కేసు తీరాక రమ్మన్నారు. అతను ఎఫ్‌బీఐకి లొంగిపోయాడన్నది అతని వైపు కథ. పట్టుకుపోయారన్న కథనాలూ ఉన్నాయి. ఏదైనా ఫలితం ఒక్కటే: సైనిక జైలు. బయటికి వచ్చింది 1967లో.

పాట ఎందుకు విడుదల కాలేదు?

మోటౌన్‌లో రికార్డు చేసిన పాటలన్నీ బయటికి రావు. వారం వారం ఒక సమావేశం ఉండేది. తయారైన పాటలు వినిపించి, ఏది విడుదల చేయాలో ఓటు వేసేవారు. పెద్ద పెద్ద గాయకుల పాటలు కూడా అక్కడ ఆగిపోయేవి. అందుకే పాట బాగా లేకే ఆపేశారని కొందరి వాదన.

నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోలేను. ‘ఇట్స్ మై టైమ్’ ఒక వైపు, ‘గో ఆన్ అండ్ క్రై’ ఇంకో వైపు పెట్టి మోటౌన్ అనుబంధ లేబుల్ వీఐపీ మీద సింగిల్ తేవడానికి సిద్ధపడ్డారు. అంటే వడపోతలో అది నిలబడిందన్నమాటే. ఆగింది ఆ తర్వాత. గాయకుడు జైలుకు పోతున్నప్పుడు పాటకు ప్రచారం చేసేదెవరు? వేదిక మీద పాడేదెవరు? రేడియో స్టేషన్లు చుట్టి వచ్చేదెవరు? పైగా అప్పటి మోటౌన్ తన గాయకులకు నడక, మాట తీరు కూడా నేర్పించి, తెల్లవాళ్ల ఇళ్ల టీవీల్లోకి మచ్చ లేకుండా పంపాలని చూస్తున్న నల్లజాతి కంపెనీ. వియత్నాం యుద్ధం రాజుకుంటున్న వేళ నౌకాదళం వెతుకుతున్న కుర్రాడి పాటను నెత్తిన పెట్టుకోవడానికి వెనకాడిందంటే కారణం అర్థమవుతుంది. దాన్ని పిరికితనం అనేవాళ్లున్నారు. నేనైతే అనను. గాయకుణ్ణి శాశ్వతంగా వెళ్లగొట్టకుండా తర్వాత రమ్మన్న సంగతి కూడా చూడాలి. 1978లో రిక్ జేమ్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది మోటౌన్ వారి గోర్డీ లేబుల్ మీదే.

అమ్మేసిన సామాను, కొన్న శవవాహనం

గాయకుడు లేడు, ఒప్పందం లేదు. టొరంటోకి తిరిగొచ్చిన యంగ్, పామర్ బ్యాండ్ సామాను అమ్మేసి 1953 నాటి పాంటియాక్ శవవాహనం ఒకటి కొన్నారు. వాయిద్యాలు పెట్టుకోవడానికి వెనక చోటు ఎక్కువని యంగ్‌కు అలాంటి బండ్లంటే ముందునుంచీ ఇష్టం. దాన్ని తోలుకుంటూ లాస్ ఏంజిలస్ చేరారు. ఆ సామాను ఈటన్ డబ్బుతో కొన్నది కాబట్టి అమ్మే హక్కు వాళ్లకు ఉందా అన్న ప్రశ్న న్యాయమైనదే. బాకీ పడ్డ కూలి కింద జమ చేసుకున్నట్టు వాళ్లు భావించి ఉండొచ్చు, కానీ కాగితం మీద దానికి ఆధారం కనబడదు.

1966 ఏప్రిల్. యంగ్ వెతుకుతున్న గిటారిస్టు స్టీఫెన్ స్టిల్స్ దొరక్క, శాన్ ఫ్రాన్సిస్కో వైపు పోదామనుకుంటున్నారు. సన్‌సెట్ బౌలెవార్డ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఇంకో బండిలోంచి స్టిల్స్, అతని తోటి గాయకుడు రిచీ ఫ్యూరే ఆ శవవాహనాన్ని చూశారు. ఒంటారియో నంబరు ప్లేటు. నీల్ యంగ్ తప్ప ఇంకెవరై ఉంటారని బండి తిప్పి వెంటపడ్డారు. స్టిల్స్‌కు యంగ్ కెనడాలో ఏడాది కిందట పరిచయం. అలా పుట్టిన బ్యాండ్ బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్. కొద్దిరోజుల్లోనే వేదికెక్కింది.

ఆ గీత ఇక్కడా వదల్లేదు. ఈసారి చిక్కు కెనడావాళ్లకు. పామర్‌ను 1967లో అమెరికా నుంచి పంపించేశారు. అతను దొంగచాటుగా తిరిగొచ్చాడు, మళ్లీ పంపించారు. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ రెండేళ్లకే విడిపోవడానికి ఉన్న కారణాల్లో బేస్ వాయించేవాడు నిలకడగా లేకపోవడమూ ఒకటి. వర్క్ పర్మిట్ లేకుండానే హిట్ బ్యాండ్‌లో వాయించిన యంగ్‌కు గ్రీన్ కార్డు వచ్చింది 1970లో. అమెరికా పౌరసత్వం తీసుకుంది 2020 జనవరిలో. వీసా కాగితం చుట్టూ ఇంటిల్లిపాది భవిష్యత్తు తిరగడం చూసిన తెలుగు కుటుంబాలకు ఈ భాగాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

రికీ జైలు నుంచి వచ్చాక టొరంటో చేరి మైనా బర్డ్స్ పేరుతో ఇంకో బృందం కట్టాడు. అదీ నిలవలేదు.

పాట చివరికి వినబడింది

నలభై ఏళ్లు ఆ టేపులు మోటౌన్ భాండాగారంలో ఉండిపోయాయి. 2006లో, 1966 నాటి మోటౌన్ సింగిల్స్ అన్నిటినీ ఒకచోట చేర్చిన సంకలనం వచ్చినప్పుడు ఆ సింగిల్ రెండు వైపులూ అందులోకి ఎక్కాయి. అప్పటికే రిక్ జేమ్స్, బ్రూస్ పామర్ ఇద్దరూ 2004లో, రెండు నెలల తేడాలో పోయారు. 2012లో ఆ సింగిల్‌ను వినైల్ రికార్డుగా కూడా వేశారు.

విన్నవాళ్లలో కొందరికి నిరాశ. ఇంత పెద్ద పేర్లు కలిస్తే ఇంతేనా అంటారు. ఇది మోటౌన్ పాటలా లేదు, మామూలు గరాజ్ రాక్ అంటారు. నాకు మాత్రం ‘ఇట్స్ మై టైమ్’లో మొదటి క్షణం నుంచే ఆ పన్నెండు తీగల గలగల వినబడుతుంది. దానిమీద పద్దెనిమిదేళ్ల రికీ గొంతు రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌ను గుర్తుచేస్తూ మొదలై, పాట ఊపందుకునేసరికి తన సొంత కరుకుదనంలోకి వచ్చేస్తుంది. వెనక గొంతులు కలిసే చోట జాగ్రత్తగా వింటే యంగ్ చెప్పిన ఆ స్టూడియో గది సంగతి గాలికబురు కాదని తెలుస్తుంది.